వల కరుగుతుంది, పడవ కరగదు

మూడేళ్ళ కిందట సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం భీమిలి ఒడ్డుకి వెళ్ళాను. ఇసుకలో ఒక పాత ఫైబర్ పడవ బోర్లా పడి ఉంది. అడుగున పెద్ద పగులు. పగులు అంచున తెల్లటి గాజు పోగులు కొబ్బరిపీచులా బయటికి వచ్చి ఉన్నాయి. దాని పక్కనే చిరిగిపోయిన నైలాను వలల కుప్ప. అక్కడ కూర్చుని వల బాగుచేసుకుంటున్న పెద్దాయనని, ‘‘ఈ పడవని ఏం చేస్తారు తాతా?’’ అని అడిగాను.

‘‘ఏటి సేస్తాం బాబూ! వలైతే పాతదైనా కేజీల్లెక్కన పట్టికెళ్తారు. దీన్నెవుడు పట్టికెళ్తాడు? కాలిస్తే కంపు. పాతిపెడితే మట్టవదు,’’ అన్నాడు.

నేను బతుకుతెరువు కోసం చేసే పని ఇదే. అమెరికాలో ఒక చిన్న సంస్థలో, పోగులు కలిపిన ప్లాస్టిక్ పలకలు తయారు చేస్తూ, విరగ్గొట్టి చూస్తూ ఉంటాను. అందుకని ఆయన మాట నన్ను కొంచెం గట్టిగానే తాకింది. వలా ప్లాస్టికే, పడవలో ఉన్నదీ ప్లాస్టికే. ఒకటి కరుగుతుంది కాబట్టి దానికి ధర ఉంది. రెండోది కరగదు కాబట్టి చెత్త. మరి వలకి వాడిన పదార్థంతోనే పడవ ఎందుకు చెయ్యకూడదు?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పత్రిక చదివేవారిలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవారే కనుక రసాయనశాస్త్రం గుర్తులేదని కంగారు పడనక్కర్లేదు. వంటింటి అనుభవం, కాస్త లెక్కల మీద ఇష్టం ఉంటే చాలు.

పోగు, జిగురు

మన ఊళ్ళలో మట్టిగోడ కట్టేటప్పుడు మట్టిలో గడ్డో ఊకో కలిపి తొక్కుతారు. ఉత్త మట్టి ఎండితే బీటలు వారుతుంది. గడ్డి ఆ బీటని పెరగనివ్వదు. కాంపొజిట్ అంటే ఇంతే. బరువు మోసేది పోగు. పోగుల్ని ఒకచోట పట్టి ఉంచి, ఒక పోగు మీది భారాన్ని పక్కపోగుకి అందించేది జిగురు. ఈ జిగురునే మా వృత్తిలో రెజిన్ అంటాం.

గాజు ఇంత పెళుసు కదా, అది బరువెలా మోస్తుందని అనుమానం రావచ్చు. కిటికీ అద్దం పగలడానికి కారణం గాజు బలహీనమైనది కావడం కాదు, దాని మీద కంటికి కనిపించని గీతలుండటం. ఇంగ్లండులో గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లో ఈ సంగతి తేల్చాడు. గాజుని సన్నగా లాగుతూ పోతే పెద్ద పగులుకి చోటుండదు, బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇప్పుడు వాడే గాజు పోగు మందం పది నుంచి ఇరవై మైక్రాన్లు. కార్బన్ పోగు ఇంకా సన్నం, ఐదు నుంచి ఏడు మైక్రాన్లు. మన తలవెంట్రుక డెబ్భై మైక్రాన్ల దాకా ఉంటుంది.

ఇలాంటి పోగులు వేలకొద్దీ కలిసి ఒక కట్ట. అలాంటి కట్టలు నేస్తే బట్ట. ఆ బట్టని అచ్చులో పొరలు పొరలుగా పరిచి రెజిన్ పట్టించాలి. ఇక్కడే అసలు చిక్కు. కట్టలోపల పోగుకీ పోగుకీ మధ్య ఖాళీ కొద్ది మైక్రాన్లే. ఆ సందుల్లోకి రెజిన్ దూరి ప్రతి పోగునీ తడపాలి. తడవకుండా మిగిలిన చోటు పైకి కనిపించదు. కానీ పగులు మొదలయ్యేది మాత్రం అక్కడే.

ఇడ్లీ, మైనం

ప్లాస్టిక్కులు రెండు జాతులు. మొదటిది ఇడ్లీ లాంటిది. పిండి జారుగా ఉంటుంది, ఆవిరి తగలగానే గట్టిపడుతుంది. మళ్ళీ ఎంత వేడి చేసినా పిండి కాదు, మాడుతుంది. పాలిఎస్టర్ రెజిను, ఎపాక్సీ ఈ జాతివి. వీటిని థర్మోసెట్ అంటారు. గట్టిపడేటప్పుడు అణువుల గొలుసులు అడ్డదిడ్డంగా ఒకదానితో ఒకటి ముడిపడి ఒకే పెద్ద జాలంగా మారతాయి. ఆ ముళ్ళు విప్పకుండా దాన్ని కరిగించడం కుదరదు. భీమిలిలో చూసిన పడవ ఈ రకం. మన తీరంలోనే కాదు, ప్రపంచంలో ఎక్కడైనా ఫైబర్ పడవ అంటే చాలావరకు గాజు మ్యాటు పరిచి పాలిఎస్టర్ రెజిన్ పూసినదే.

రెండోది మైనం లాంటిది. వేడి చేస్తే కరుగుతుంది, చల్లారితే గడ్డకడుతుంది. ఎన్నిసార్లయినా సరే. నైలాను, పాలిఎథిలీన్, పాలిప్రొపిలీన్ ఈ జాతివి. ఇవి థర్మోప్లాస్టిక్కులు. వీటిలో గొలుసులు పొడుగ్గా ఉంటాయి, ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. కానీ ముడిపడి ఉండవు. పళ్ళెంలో సేమ్యా పోగుల్లాగా అనుకోండి.

థర్మోప్లాస్టిక్‌కి కరగడమొక్కటే గుణం కాదు. దెబ్బ తగిలితే థర్మోసెట్‌లా పెటిల్లున విరగదు, కొంత సాగుతుంది. రెండు ముక్కల్ని జిగురు లేకుండా వేడితో అతకవచ్చు. ఇన్ని సుగుణాలున్నా పడవలకీ గాలిమర రెక్కలకీ ఇన్నేళ్ళూ థర్మోసెట్‌నే ఎందుకు వాడాం? జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, చిక్కదనం.

చిక్కదనం లెక్క

గులాబ్ జామూన్ చేసినవాళ్ళకి తెలుసు. పాకం పల్చగా ఉంటే ఉండ లోపలికంటా పీల్చుకుంటుంది. పాకం ముదిరిందా, పైపైనే ఉండిపోతుంది. మా అచ్చులో జరిగేదీ ఇదే.

ద్రవాల చిక్కదనాన్ని సెంటీపాయిజ్‌లలో కొలుస్తారు. నీళ్ళది ఒకటి. అచ్చులోకి ఎక్కించే పాలిఎస్టరు, ఎపాక్సీ రెజిన్లది వంద నుంచి ఐదు వందల దాకా, అంటే వంటనూనెకి కాస్త అటూ ఇటూ. తేనెది కొన్ని వేలు. ఇక కరిగిన నైలానుది? రకాన్ని బట్టి లక్ష నుంచి పది లక్షల దాకా ఉంటుంది. గొలుసులు పొడుగు కావడమే దానికి కారణం. సేమ్యాలో గరిటె తిప్పడం నీళ్ళలో తిప్పినంత సులువు కాదు కదా!

దీని ప్రభావం ఎంతో చూడాలంటే ఒక లెక్క వేద్దాం. ఇసుకలోంచి నీరు ఎంత వేగంగా పారుతుందో 1856లో ఫ్రాన్సులో హెన్రీ డార్సీ అనే ఇంజనీరు సూత్రం చెప్పాడు. డిజాన్ పట్టణానికి మంచినీళ్ళు తెచ్చినవాడాయన. బట్టలోంచి రెజిన్ పారడానికీ అదే సూత్రం వర్తిస్తుంది. అచ్చు నిండటానికి పట్టే సమయం చిక్కదనంతో పాటు పెరుగుతుంది, ఒత్తిడి పెంచితే తగ్గుతుంది, పొడవు వర్గంతో పాటు పెరుగుతుంది. మీ భాషలో చెప్పాలంటే ఇది ఎన్-స్క్వేర్ సమస్య. పొడవు రెట్టింపైతే సమయం నాలుగింతలు.

ఒక మీటరు పొడవున్న అచ్చు తీసుకుందాం. అందులో సగం పోగులు, సగం ఖాళీ. గాలి తోడేసి ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడితో రెజిన్‌ని లాగుతున్నాం. మామూలు గాజు బట్ట అనుకుని లెక్క వేస్తే, వంద సెంటీపాయిజ్ ఉన్న రెజిన్‌కి దాదాపు నలభై నిమిషాలు పడుతుంది. ఐదు లక్షల సెంటీపాయిజ్ ఉన్న కరిగిన నైలానుకి? ఐదువేల రెట్లు. అంటే సుమారు నూట నలభై ఐదు రోజులు! ఐదు నెలల పాటు అచ్చుని రెండు వందల డిగ్రీల పైన వేడిగా ఉంచితే నైలాను ఎప్పుడో మాడిపోతుంది.

ఒత్తిడి పెంచి గెలవచ్చు కదా అంటారా? ఇంజెక్షన్ మోల్డింగ్‌లో చేసేది అదే. మీ కారు ఇంజన్‌కి గాలి అందించే గొట్టాలు చాలావరకు గాజు కలిపిన నైలానుతో చేసినవే. కానీ అందులో పోగుల్ని ముందే ముక్కలు చేసి కలిపేస్తారు. చివరికి మిగిలే పోగు పొడవు మిల్లీమీటరు కన్నా తక్కువే. గొట్టానికి అది చాలు. పడవ అడుగుకీ, గాలిమర రెక్కకీ ఈ కొసనుంచి ఆ కొసదాకా తెగని పోగు కావాలి.

ఇంకో దారి కూడా ఉంది. ప్లాస్టిక్‌ని దూరం పారించకుండా, ముందే పోగుల పక్కన పెట్టడం. నైలాను దారాన్నీ గాజు దారాన్నీ కలిపి నేసి, తర్వాత వేడిచేసి నొక్కడం ఒక పద్ధతి. కారఖానాలో ముందే రెజిన్ పట్టించిన రేకుల్ని అచ్చులో నొక్కడం మరో పద్ధతి. ఎయిర్‌బస్ ఏ-380 విమానం రెక్కల ముందు అంచులు గాజు పోగులూ పి.పి.ఎస్. అనే థర్మోప్లాస్టిక్కూ కలిసిన రేకులతో ఇలా చేసినవే. పని బాగానే జరుగుతుంది. కాకపోతే రేకు ఖరీదు, పెద్ద ప్రెస్సు ఖరీదు, లోతైన వంపులున్న ఆకారాలు చెయ్యడం కష్టం.

అచ్చులోనే వండటం

గొలుసులు పొడుగైతే పారడం కష్టమని తేలింది. అయితే గొలుసులు తయారు కాకముందే పోస్తే? అంటే అచ్చులోకి నైలాను కాకుండా, నైలాను దేనితో తయారవుతుందో ఆ ముడిసరుకుని పోసి, పోగులన్నీ తడిశాక లోపలే నైలానుగా మార్చడం. ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసి పంపే బదులు సోర్స్ కోడ్ పంపి, చేరినచోటే కంపైల్ చేసినట్టు.

నైలాను-6 విషయంలో ఆ ముడిసరుకు కాప్రోలాక్టమ్. మనకి కొత్తదేమీ కాదు. గుజరాత్‌లో వడోదర దగ్గర ఎరువుల కర్మాగారంలో ఎన్నో ఏళ్ళుగా తయారవుతోంది. దానితో నైలాను చెయ్యవచ్చని 1938లో జర్మనీలో పాల్ ష్లాక్ కనుక్కున్నాడు. మామూలుగా చూస్తే అది తెల్లటి పొడి. 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అచ్చు వేడికి దాని చిక్కదనం కొద్ది సెంటీపాయిజ్‌లు మాత్రమే, దాదాపు పాలంత పల్చన. ఇందాకటి లెక్కలో ఐదు సెంటీపాయిజ్ వేసి చూడండి. ఐదు నెలలు కాస్తా రెండు నిమిషాలవుతుంది!

కాప్రోలాక్టమ్ అణువు ఏడు పరమాణువుల ఉంగరం. ఆరు కార్బన్లు, ఒక నైట్రోజన్. దీనికి రెండు రకాల సాయం కావాలి. ఉత్ప్రేరకం కొన్ని ఉంగరాల నుంచి ఒక్కొక్క ప్రోటాన్‌ని లాగేసి వాటికి ఋణావేశం ఇస్తుంది. యాక్టివేటర్ అనే రెండో పదార్థం గొలుసుకి మొదటి కొసనిస్తుంది. ఆవేశమున్న ఉంగరం వచ్చి గొలుసు కొసనున్న ఉంగరాన్ని తెరిచి, తానే కొత్త కొసవుతుంది. మరొకటి వచ్చి దీన్ని తెరుస్తుంది. సర్క్యులర్ లిస్టులు ఒక్కొక్కటే తెరుచుకుని ఒక పొడుగాటి లింక్డ్ లిస్టుకి తగులుకుంటున్నట్టు ఊహించుకోండి.

యంత్రం సంగతి సులువుగానే ఉంటుంది. రెండు తొట్లు. ఒకదానిలో కాప్రోలాక్టమ్, ఉత్ప్రేరకం. రెండోదానిలో కాప్రోలాక్టమ్, యాక్టివేటర్. విడివిడిగా ఉన్నంతసేపు ఏమీ జరగదు. అచ్చు గుమ్మం దగ్గర రెండూ కలుస్తాయి, బట్టలోంచి పారతాయి. అచ్చు సుమారు 150 డిగ్రీల దగ్గర ఉంటుంది. కొద్ది నిమిషాల్లో నైలాను తయారవుతుంది. నైలాను కరిగేది 220 డిగ్రీల దగ్గర. అంటే తయారవుతూనే గడ్డకడుతుంది. అచ్చుని చల్లార్చి మళ్ళీ వేడిచేసే పని లేదు, వేడిమీదే తలుపు తీసి ముక్కని బయటికి తియ్యవచ్చు. కార్లు చేసేవాళ్ళకి దీనిమీద మోజు కలిగింది ఇందుకే. 2016లో జర్మనీ ప్లాస్టిక్ ప్రదర్శనలో క్రౌస్‌మఫై సంస్థ ఈ పద్ధతిలో ఒక స్పోర్ట్స్ కారు పైకప్పు చట్రాన్ని అందరి ఎదుటా చేసి చూపించింది. గాలిమర రెక్కలకి దీన్ని వాడే ప్రయత్నం అంతకు ముందే, 2000 దశకంలో, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో జరిగింది.

ఒక చుక్క నీరు

ఇంత బాగుంటే అందరూ ఎందుకు చెయ్యడం లేదు? నా మొదటి పలక కథ చెబితే తెలుస్తుంది.

జూలై నెల. బయట ఉక్క. మేము తెప్పించిన గాజు బట్ట చుట్ట రెండు రోజులు సరుకు దించే తలుపు దగ్గరే ఉండిపోయింది. తొందరలో దాన్నే కత్తిరించి అచ్చులో పరిచి, పోసేశాం. అరగంట తర్వాత తలుపు తీస్తే, రెజిన్ ప్రవేశించిన వైపు దంతం రంగులో గట్టి నైలాను. మధ్యకి వచ్చేసరికి మెత్తన. చివరి అంచున సబ్బుముక్కలాంటి తెల్లటి ముద్ద, గోటితో గీకితే ఊడివస్తోంది. ఒక్క పలకలోనే గెలుపూ ఓటమీ పక్కపక్కన ఉన్నాయి.

పంపుల్లో పాళ్ళు తప్పాయనుకున్నాం. రెండు వారాలు పంపుల్ని విప్పి బిగించాం. కోడ్‌లో బగ్ వెతుకుతూ కూర్చుంటే తప్పు డేటాలో ఉన్నట్టయింది మా పని. చివరికి పలకని గుమ్మం నుంచి కొసదాకా ముక్కలు కోసి, తూచి, నీళ్ళలో మరిగించి, ఆరబెట్టి మళ్ళీ తూచాం. నైలానుగా మారని కాప్రోలాక్టమ్ నీళ్ళలో కరిగిపోతుంది కనుక తగ్గిన బరువే మారని భాగం. కొసకి పోయినకొద్దీ అది పెరుగుతూ పోయింది.

అప్పుడు వెలిగింది. ముందు వరసలో పారే రెజిన్ దారిపొడుగునా ప్రతి పోగునీ తాకుతూ వెళ్ళి, ప్రతి పోగు మీది తడినీ పోగేసుకుంటుంది. ఆవేశమున్న ఉంగరానికి నీటి అణువు దొరికితే దాని ప్రోటాన్‌ని తీసుకుని చల్లబడిపోతుంది. ఆ పాయింటర్ నల్ అయిపోయినట్టే. కొసకి చేరేసరికి పనిచేసే ఉత్ప్రేరకం మిగల్లేదు. ఈ రసాయనానికి పదివేల పాళ్ళలో ఒకటి రెండు పాళ్ళ తడి కూడా ఎక్కువే.

తడి ఒక్కటే కాదు. గాజు పోగుల మీద నేతకి పనికొచ్చేలా ఒక పూత ఉంటుంది, మన చేనేతలో గంజి పెట్టినట్టు. ఎపాక్సీ కోసం తయారుచేసిన పూతలో కొన్ని అణువులు నీళ్ళు చేసే పనే చేస్తాయి. ఆ తర్వాత మేము బట్ట రకం మార్చాం. వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టాం. తొట్లని పొడి నైట్రోజన్ కింద ఉంచాం. అప్పటికి గానీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే రంగు పలక రాలేదు. ఆ తర్వాత కూడా ప్రతి వేసవిలో ఒకసారైనా సబ్బుముక్క పలకరిస్తూనే ఉంది.

చల్లటి దారి

నైలానుతో ఇంకో ఇబ్బంది, అది నీళ్ళు పీలుస్తుంది, పీల్చి మెత్తబడుతుంది. వలకి ఫరవాలేదు. ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళలో ఉండే పడవ అడుగుకి అది మంచిది కాదు. పైగా ఎనిమిది తొమ్మిది మీటర్ల పడవ అచ్చుని 150 డిగ్రీలకి వేడి చెయ్యడం ఒడ్డున షెడ్డులో అయ్యే పనికాదు. కనుక వల పదార్థంతోనే పడవ చెయ్యాలన్న నా ఆలోచన ఉన్నదున్నట్టుగా పనికిరాదు. కానీ ఉపాయం పనికొస్తుంది. ముడిసరుకు మారిస్తే చాలు.

అలా వచ్చిందే ఎలియం అనే ద్రవం. ఫ్రాన్సులో ఆర్కెమా సంస్థ తయారుచేసింది. మనం దుకాణాల బోర్డుల్లో చూసే యాక్రిలిక్ జాతి. వంద సెంటీపాయిజ్ ప్రాంతంలో ఉంటుంది. పాలిఎస్టర్‌లాగే కాస్త పెరాక్సైడ్ కలిపితే గది వేడిలోనే గట్టిపడుతుంది. కానీ ముడులు పడదు, గొలుసులే అవుతాయి. కాబట్టి పాత అచ్చు, పాత వాక్యూమ్ పంపు, పాత పనివాళ్ళు సరిపోతారు. దీని చిక్కులు దీనికీ ఉన్నాయి. వాసన ఘాటు. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. మందంగా ఉన్నచోట ఆ వేడి వంద డిగ్రీలు దాటితే ఇంకా గట్టిపడని ద్రవం మరిగి లోపల బుడగలు మిగులుతాయి. రెజిన్ ఘనపరిమాణం కూడా బాగా కుంచించుకుపోతుంది.

అయినా పని ముందుకు సాగింది. అమెరికాలో అప్పుడు ఎన్‌రెల్ అని పిలిచే ప్రభుత్వ ప్రయోగశాల, పదమూడు మీటర్ల గాలిమర రెక్కని దీనితో చేసి, అదే ఆకారంలో ఎపాక్సీ రెక్క పక్కన పెట్టి పరీక్షించింది. 2022లో స్పెయిన్‌లో పొన్‌ఫెరాడా కర్మాగారంలో ఎల్.ఎమ్. విండ్ పవర్ వాళ్ళు 62 మీటర్ల రెక్క తయారు చేశారు. ఇదే ద్రవంతో ఫ్రాన్సులో పందెపు పడవలు కూడా వచ్చాయి.

మట్టయ్యేదాకా

గాలిమర రెక్కల గురించి ఇంత ఎందుకు చెబుతున్నానంటే భీమిలి పడవ సమస్యే అక్కడ కొండంతగా ఉంది. 2020లో వయోమింగ్ రాష్ట్రం కాస్పర్ పట్టణంలో మూడేసి ముక్కలుగా కోసిన రెక్కల్ని వరసగా పేర్చి మట్టి కప్పుతున్న ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. ఒక గాలిమర ఆయుష్షు ఇరవై, పాతికేళ్ళు. అప్పటి మన అనంతపురం జిల్లాలోని రామగిరి కొండల మీద మొదటి గాలిమరలు లేచింది 1990లలో. లెక్క మీరే వేసుకోండి.

థర్మోప్లాస్టిక్ వచ్చేస్తే ఇదంతా తీరిపోతుందని నేను చెప్పను. కరిగించగలగడం వేరు, కరిగిస్తే గిట్టుబాటు కావడం వేరు. పాత రెక్కని కోసి, ఊరికి మోసి, రెజిన్‌ని వేరు చేస్తే మిగిలే పోగులు కొత్త బట్టంత పొడుగ్గా, బలంగా ఉండవు. గాజు కొత్తదే చౌక. థర్మోసెట్ వాళ్ళూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పలుచని ఆమ్లంలో ముడులు విడిపోయే ఎపాక్సీతో 2021లో సీమెన్స్ గమేసా రెక్కలు తెచ్చింది. ఎవరిది పైచెయ్యి అవుతుందో ఇంకా తేలలేదు.

కానీ కరిగే పదార్థానికి మరో జన్మ ఉంటుందనడానికి ఋజువు ఆ వలల కుప్పే. 2011 నుంచి స్లోవేనియాలో ఒక కర్మాగారం పాత నైలాను వలల్ని, తివాచీల్ని తిరిగి కాప్రోలాక్టమ్ దాకా తీసుకుపోయి కొత్త నైలాను చేస్తోంది. లింక్డ్ లిస్టుని తెంపి మళ్ళీ ఉంగరాలు చెయ్యడమన్నమాట. ఆ కాప్రోలాక్టమ్‌కీ గుజరాత్‌లో కొత్తగా చేసినదానికీ అచ్చులో తేడా తెలియదు.

భీమిలి తాతకి ఆ రోజు నేను ఇవేమీ చెప్పలేదు. ‘‘తరువాతి పడవ దేనితో చేయిస్తారు?’’ అని మాత్రం అడిగాను. ‘‘ఇంకేటుంది బాబూ, ఇదే ఫైబరు. కర్రకంటే సవక, నీటికి సివకదు,’’ అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. పాలిఎస్టర్ ధరకి కరిగే రెజిన్ ఇవ్వలేకపోవడం మా లోటు. ఆ కొత్త పడవ కూడా ఇరవై ఏళ్ళు చేపలు పట్టి, ఒకరోజు ఇదే ఇసుకలో బోర్లా పడుతుంది. దాన్నేం చెయ్యాలన్నది మాత్రం ఇప్పుడు అచ్చులో ఏం పోస్తామన్న దాని మీదే ఆధారపడి ఉంది.